దుంప పడిన చోటు

కడ్డీ మొన రోడ్డు మీద నిలిపి, పైకొసన ఉన్న చెక్క గిన్నెకు ఎడమ చెవి ఆనించి, అతను ఊపిరి బిగబట్టాడు. అప్పుడే వెలుతురు పడుతోంది. వీధిలో పాలవాడి సైకిల్ తప్ప ఏదీ కదలడం లేదు. ఈ పనికి ఇదే వేళ. ఏడు దాటిందంటే బస్సులు మొదలవుతాయి, ఆ రొదలో భూమి కింది చప్పుడు ఎవడికీ వినపడదు.

రెండడుగులు జరిగాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ జరిగాడు. ఐదోసారి కడ్డీ పక్కకు తీసి, చెవి వెనక పెట్టుకున్న సుద్దముక్కతో తారు మీద గుణకారం గుర్తు గీశాడు.

"ఇక్కడ," అన్నాడు.

నీళ్ళ ఆఫీసులో అతన్ని అందరూ చెవిమిస్త్రీ అంటారు. జీతాల కాగితం మీద ఇంకేదో పేరుంటుంది గానీ ఆ పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు. యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. మోకాళ్ళ దగ్గర మట్టిరంగుకు తిరిగిపోయిన ఖాకీ ప్యాంటు, ఎన్నిసార్లు ఉతికినా తుప్పు వాసన వదలని చొక్కా. మూడడుగుల లోతున పైపు ఎక్కడ చిల్లుపడిందో రోడ్డు పగలగొట్టకుండా చెప్పడం అతని పని. కారే నీళ్ళు ఊరికే కారవు, బుసకొడతాయి. దూరంగా ఉంటే ఎవరో పళ్ళ సందున గాలి పీల్చినట్టు, దగ్గరికొస్తే మూత పెట్టిన గిన్నె మరిగినట్టు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను ఆ బుసను వెతుక్కుంటూ వీధుల్లో వంగి నడుస్తున్నాడు. పైన మేడల్లో ఉన్నవాళ్ళకి కుళాయి తిప్పితే నీళ్ళు రావడం తెలుసు. ఎందుకు వస్తున్నాయో ఎవడికి కావాలి.

గునపం వచ్చాడు. మనిషి పేరే అది, చేతిలో ఉన్నదీ అదే. పొడుగ్గా, మెడ దగ్గర కొంచెం వంగి, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నవాడిలా ఉంటాడు. ఇరవై ఆరేళ్ళుగా చెవిమిస్త్రీ గీసిన చోట తవ్వుతున్నాడు. రబ్బరు చెప్పులు విడిచి, ఎవరి గడప ముందో విడిచినట్టు పక్కపక్కనే సర్ది, సుద్దగీత చుట్టూ వట్టికాళ్ళతో ఒక చుట్టు తిరిగాడు. తర్వాత గీతకు మూడడుగులు ఇవతల గునపం దింపాడు.

"గీసింది అక్కడరా."

"అక్కడ కింద రాయుందన్నా. ఇక్కణ్ణుంచి పోతే తేలిగ్గా అందుతుంది."

"భూమిలో రాయుందని నీకెవడు చెప్పాడు?"

"ఇది చెప్పింది," అని గునపం చేతిలో గునపాన్ని చూపించాడు.

ఇది కొత్త కాదు. ఈ మధ్య ప్రతి గుంటకీ ఏదో ఒక వంక. రాయి అంటాడు, వేరు అంటాడు, నీడ ఇటుందంటాడు. తవ్వేవాడి సుఖం తవ్వేవాడిది అని చెవిమిస్త్రీ ఊరుకుంటాడు. అరగంటకు నీళ్ళు పైకి తన్నాయి. ఇద్దరి మొహాలూ తడిశాయి. చెవిమిస్త్రీ ఎడమ చెవిని బొటనవేలితో ఒకసారి నిమురుకున్నాడు, పని చేసిన ఎద్దును నిమిరినట్టు.

ఆ చెవి మీద అతనికి కొత్త గౌరవం. ఇరవై తొమ్మిదేళ్ళు పని చేసింది కుడిది. ఎడమది ఊరికే తోడు. రెండేళ్ళ కిందట కుడిది పూర్తిగా పోయింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, గిన్నెను ఇటునుంచి అటు మార్చాడంతే. మొదటి నెల భయపడ్డాడు. తర్వాత చూస్తే గీసిన చోటల్లా నీళ్ళు పడుతున్నాయి. ముసలితనంలో కూడా పని నేర్చుకునే చెవి ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

అది నేర్చుకోకపోతే గడవదు కూడా. పోయిన నెల ఇంజినీరు గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు, అప్పుడే అనుమానం వచ్చింది. "లీకులు పట్టే యంత్రం కొనమంటున్నారు మిస్త్రీ గారూ. నేనే ఆపుతున్నాను. మీ చెవి తప్పనంతకాలం కడ్డీ మీ దగ్గరే ఉంటుంది. ఒక్క ఎండు గుంట పడిందంటే మాత్రం మీరు స్టోరుకి వెళ్ళాల్సిందే. గునపం లాంటి వాళ్ళు ఇక అవసరం ఉండరు, యంత్రం వాళ్ళే మనుషుల్ని తెచ్చుకుంటారు." మర్యాదగానే చెప్పాడు. చదువుకున్నవాళ్ళు మర్యాదగా చెప్పలేనిది ఏదీ లేదు.

స్టోరంటే ఆఫీసు వెనక రేకుల షెడ్డు. వేళ్ళు పోయిన ఫిట్టరు, చూపు తగ్గిన డ్రైవరు అందులోనే కూర్చుంటారు. ఎవరైనా వచ్చి వాషర్లు అడిగితే ఇస్తారు. ఎవరూ రాకపోతే తాళాలగుత్తి తిప్పుకుంటారు. నంబరు బిళ్ళ కట్టిన సామాను మధ్య వాళ్ళకీ ఒక బిళ్ళ కడితే సరిపోయేది.

*

పదిన్నరకు బడి వీధి నుంచి కబురు. మూడు రోజులుగా బడికి నీళ్ళు లేవు, హెడ్మాస్టరు పైవాళ్ళకి ఫోను చేశాడు. లారీ వెళ్ళేసరికి ఇంజినీరు స్కూటరు అక్కడే ఉంది. వీధిలో జనం, రొద. ఈ వేళలో వినడమంటే సంతలో గుసగుస వినడమే. అయినా చెవిమిస్త్రీ కడ్డీ దింపాడు.

గునపం లారీ దిగలేదు. వెనక పలక మీద కూర్చుని గుండెల మీద అరచేత్తో రుద్దుకుంటున్నాడు.

"ఏమైందిరా?"

"పొద్దుటి టీ పడలేదన్నా. గాస్సు. కాస్త కూర్చుంటా."

"కూర్చో. వీళ్ళిద్దరూ ఉన్నారుగా."

ఆ ఇద్దరూ కాంట్రాక్టు కూలీలు. గీసిన చోట తవ్వమంటే గీసిన చోటే తవ్వుతారు, అంగుళం అటూ ఇటూ పోరు. చెవిమిస్త్రీ గుర్తు గీశాడు. వాళ్ళు తవ్వారు. అడుగు, రెండడుగులు, మూడు. పైపు కనిపించింది. చుట్టూ మట్టి పొడిగా, జల్లించిన పిండిలా ఉంది. పార తగిలినప్పుడల్లా దుమ్ము లేచింది.

ఇంజినీరు గుంటలోకి చూశాడు.

"బస్సు పోయిందండి అప్పుడు," అన్నాడు చెవిమిస్త్రీ. నాలుగడుగులు జరిగి మళ్ళీ గీశాడు. సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే గీత పూర్తి చేశాడు. కూలీలు మళ్ళీ తవ్వారు. మళ్ళీ దుమ్ము. బడి గోడ మీద మోచేతులు ఆనించి ఇద్దరు పంతుళ్ళు సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు. కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, అది పట్టుకోకపోతే పడిపోయేవాడిలా.

"మిస్త్రీ గారూ..." అని ఇంజినీరు మొదలుపెట్టాడు.

అప్పుడు గునపం వచ్చాడు. కాళ్ళీడ్చుకుంటూ, మొహం మీద చెమటతో. "సార్, మిస్త్రీ ముందు గీసింది ఇవి కాదండి. లారీ ఇటు పెట్టిద్దామని నేనే కాలితో చెరిపేశాను. చెప్పడం మర్చిపోయా." అంటూనే చెప్పులు విడిచి సర్దాడు. వట్టికాళ్ళతో నడిచాడు. అటు నాలుగడుగులు, ఇటు రెండు. ఆగాడు. మళ్ళీ ఒక్క అడుగు. తారు మీద అతని కాలివేళ్ళు విచ్చుకుని మూసుకున్నాయి, చీకట్లో తాళంకప్ప తడిమే చేతివేళ్ళలా.

అక్కడ సుద్ద గీసిన జాడే లేదు. చెవిమిస్త్రీకి తెలుసు. అక్కడ అతను కడ్డీ కూడా పెట్టలేదు.

"నేను తవ్వుతాను," అన్నాడు గునపం. కూలీలు ముందుకొస్తే చేత్తోనే ఆపాడు. రొమ్ము పట్టుకున్న చేతిని తీసి గునపం మీద వేశాడు. పావుగంట తవ్వాడు. ప్రతి దెబ్బకీ మధ్య ఆగుతున్నాడు. మట్టి రంగు మారింది, నల్లబడింది, మెత్తబడింది. తర్వాత నీళ్ళు ఎగజిమ్మి గట్టంతా తడిపేశాయి. బడి గోడ దగ్గర పంతుళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇంజినీరు ఎండు గుంటలు రెండూ చూశాడు, తడి గుంట చూశాడు, తర్వాత చెవిమిస్త్రీని చూశాడు. "సోమవారం మాట్లాడదాం," అన్నాడు. అతికే పని ఫిట్టర్లకు అప్పగించి లారీ వెనక్కి తిరిగింది. గునపం పలక ఎక్కుతుంటే అతని పాదాల నుంచి బురదనీళ్ళు కారాయి.

*

ఆ రోజు శనివారం, ఒంటిపూట ఆఫీసు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. భార్య కంచం పెట్టి, బల్ల మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టింది. అతను తల ఎత్తాడు. అప్పుడు, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

అతను ఆమె కూర్చున్న చోటు చూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె అతనికి కుడిపక్క కూర్చునేది, వంటగది అటే కాబట్టి. ఇప్పుడు ఎడమపక్క కూర్చుని ఉంది. లేచి వెళ్ళాలంటే బల్ల చుట్టూ తిరగాలి.

"నువ్వు ఇటెప్పుడు మారావు?"

"రెండేళ్ళయింది."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మీకు వినపడటం లేదని మీకు చెప్పాలా? చెప్తే మాత్రం వినపడాలిగా."

ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు. మజ్జిగ పోసింది.

"ఈ పూట కూడా ఆ ఫిరంగేనా?" అంది.

"ఊఁ."

"మీ చెవుల్ని తిన్నది అదే. ఇంకా ఏం మిగిలిందని మేపుతారు దాన్ని."

అతను చెయ్యి కడుక్కున్నాడు. ఆమె అన్నది అబద్ధం కాదు.

పద్నాలుగేళ్ళ కిందట ఒక కొత్త లైను వేసి, నీళ్ళు వదిలే ముందు గాలి పట్టించి చూస్తున్నారు. చివరన బిరడా బిగించింది అతనే. సరిగా బిగించలేదు. అది ధన్‌మని లేచి, మూడు మేడలు దాటి, ఎవరిదో డాబా మీద నీళ్ళతొట్టిలో పడింది. పనివాళ్ళంతా నేలకి కరుచుకున్నారు. అతనొక్కడే నిలబడి, మెడ వెనక్కి వంచి, అది పోయిన వైపే చూస్తూ నవ్వాడు. అప్పటికే పదిహేడేళ్ళుగా భూమిలోకి వంగి చూసే బతుకులో తన చేతిలోంచి ఒక వస్తువు పైకి పోవడం అదే మొదటిసారి. అప్పటి ఇంజినీరు మెమో ఇచ్చాడు. ఆ మెమో వెనకవైపే మొదటి గొట్టం బొమ్మ గీసుకున్నాడు.

బిరడాకి బదులు ఏం పెట్టాలన్నది నెల రోజులు తేలలేదు. చెక్క పెట్టాడు, గుడ్డ ఉండ పెట్టాడు, గాలి పక్కనుంచి పోయింది. ఒకరోజు కూరగాయల సంచిలోంచి బంగాళాదుంప తీసి, ఊరికే, గొట్టం మూతి మీద పెట్టి నొక్కాడు. మూతి అంచు దుంపను కోసేసింది. అదనపు ముక్కలు కింద రాలాయి, లోపల మిగిలింది గొట్టానికి సరిగ్గా సరిపడింది. కొలత తీసుకోకుండా సరిపోయే బిరడా లోకంలో అదొక్కటే. ఆ సంగతి కనిపెట్టిన రోజు అతను ఎవరికైనా చెబుదామని వీధి చివరిదాకా వెళ్ళాడు. చెప్పదగినవాడు ఎవడూ కనపడక గునపం ఇంటికి పోయాడు.

అప్పట్నుంచి ఇప్పటికి ఏడు గొట్టాలు. అన్నీ తీసి పారేసిన పైపు ముక్కలతో చేసినవే, అన్నీ సైకిల్ పంపుతో గాలి కొట్టేవే. మొదటిదాని అతుకు విడిపోయింది. రెండోది సిగ్గుది. దుంప మూతిదాకా వచ్చి, కాళ్ళ దగ్గర టపుక్కున పడేది. నాలుగోదానికి దుప్పటిదని పేరు. దాని దుంప వాచ్‌మన్ ఇంటి దండెం మీద దుప్పటిలోంచి దూసుకుపోయింది. వాచ్‌మన్ పెళ్ళాం ఆ దుప్పటి మొహం ముందు పట్టుకొచ్చి, చిల్లులోంచి ఒక కంటితో చూస్తూ తిట్టింది. తిట్టినంతసేపూ గునపం నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఏడోది ఇప్పటిది. మనిషి ఎత్తు, బూడిద రంగు, ఒక్క అతుకులోనూ వెంట్రుకంత సందు లేదు.

సందు లేదని అతనికెలా తెలుసు? విని. అక్కడే అతను చేసిన తప్పంతా ఉంది. ఇంకెవరైనా అయితే అతుకు మీద సబ్బునీళ్ళు పోసి బుడగలు చూసేవాడు, పేల్చేటప్పుడు రెండు చెవుల్లోనూ దూది పెట్టుకునేవాడు. లీకులు వినేవాడికి అది నామోషీ. అతను ఎడమ చెవిలో దూది పెట్టుకుని, కుడి చెవిని మాత్రం ఖాళీగా అతుకుకు ఆనించి, బుస లేదని తేల్చుకుని, అక్కడే, అలా వంగే, గాలి వదిలే కుళాయి తిప్పేవాడు. ధన్. పన్నెండేళ్ళు, శనివారానికి ఐదారుసార్లు. కుడిది పోయాక బుద్ధొచ్చిందా అంటే రాలేదు. దూది కుడివైపుకి మార్చి ఎడమ చెవి ఆనించాడు.

*

నాలుగింటికి పాత వడపోత తొట్ల వెనక ఖాళీ జాగాలో కలుసుకున్నారు. తొట్లు ఎప్పుడో ఎండిపోయాయి. వాటి అవతల పిచ్చిగడ్డి, ఇంకా అవతల చిత్తడినేల. గడ్డిలో అక్కడక్కడ పుల్లలు పాతి ఉన్నాయి. దుంప పడిన ప్రతిచోటా గునపం పాతినవి. అన్నిటికంటే దూరంగా ఉన్న పుల్ల రెండువందల పన్నెండు అంగలు.

గునపం ముందే వచ్చి గోడ నీడన కూర్చున్నాడు. పక్కన సంచిలో దుంపలు. మొలకలొచ్చినవి, పచ్చబడినవి, కూరల కొట్టువాడు పడేసేవి. అతని పాదాలకి బురద ఎండి తెల్లగా పొరకట్టి ఉంది.

"తగ్గిందా?"

"ఏదన్నా?"

"గాస్సు."

"ఆ. అదే పోతుంది."

చెవిమిస్త్రీ గొట్టం దించి నేలలో పాతిన గుంజకి ఆనించాడు. పంపు తగిలించాడు. కొట్టలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

గునపం ఏది అని అడగలేదు. సంచిలోంచి ఒక దుంప తీసి, మొలకలు గిల్లుతూ కూర్చున్నాడు. "నువ్వు గిన్నె మార్చిన నెల నుంచి."

"గీసినవన్నీ తప్పేనా?"

"అన్నీ కాదులే. మధ్యలో ఒకటీ అరా సరిపోయేవి."

"నువ్వెలా పట్టావు?"

"అరికాలు చెప్తుందన్నా. కింద తడుంటే రోడ్డు చల్లగా ఉంటుంది. కొంచెం వణుకుతుంది కూడా. గుంటల్లో నిలబడి నిలబడి వచ్చింది. నీ చెవి బాగున్న రోజుల్లో కూడా తెలిసేది. నువ్వు గీశాక చూసుకునేవాణ్ణి, సరిపోయేది."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్తే ఎవరు రాసుకుంటారు? కడ్డీ ఉన్నది నీకు. నాకున్నది కాలు. కాలికి గ్రేడు ఇస్తారా ఆఫీసులో?"

చెవిమిస్త్రీ మొహం ఎర్రబడింది. "నన్ను వెర్రివాణ్ణి చేశావు రెండేళ్ళు. నా చెవి పని నేర్చుకుందని మురిసిపోయాను నేను. నా పరువు తీశావు కదరా."

"తీయాలంటే ఎప్పుడో తీసేవాణ్ణి," అన్నాడు గునపం, మొలక గిల్లుతూనే. "నిలబెడుతున్నా. నీ చెవి స్టోరుకి పోతే నా గునపం ఎక్కడికి పోతుంది? అదీకాక..." ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "అదీకాక నీకు చెప్పాలంటే నోరు రాలేదు. గుంటలో నీళ్ళు పడగానే ఎడం చెవి అలా నిమురుకుంటావు చూడు. అది చూశాక ఎవడు చెప్తాడు."

చెవిమిస్త్రీ పంపు కొట్టడం మొదలుపెట్టాడు. నలభై దెబ్బలకి ఆయాసం వచ్చింది. కోపం పోయే దారి అది ఒక్కటే కనపడింది. దుంప అందుకుని మూతి మీద నొక్కాడు, ముక్కలు రాలాయి. అతుకు దగ్గర వంగబోయి ఆగాడు. అక్కడ ఆనించినా ఏం వినపడదని ఇప్పుడు తెలుసు. ఎన్నాళ్ళుగానో వినపడటం లేదు. వినపడనిదాన్నే బుస లేదనుకున్నాడు.

గోడ దగ్గరున్నవాణ్ణి చూశాడు. పద్నాలుగేళ్ళుగా తను పేలుస్తున్నాడు, వాడు పరిగెత్తి పుల్ల పాతుతున్నాడు. పేలుస్తావా అని ఒక్కసారి అడిగిన గుర్తు లేదు.

"ఒరే, ఈసారి నువ్వు తిప్పు."

గునపం నమ్మనట్టు చూశాడు. "నేనా?"

"నేను పోయి పుల్ల పాతుతా. నీకు గాస్సుగా, పరిగెత్తకు. ఇలా రా. ముందు చెవుల్లో దూది పెట్టుకో, రెండిట్లోనూ."

గునపం మెల్లగా లేచి వచ్చాడు. దూది పెట్టించుకున్నాడు, క్షౌరానికి కూర్చున్నవాడిలా బుద్ధిగా తలవంచి. గొట్టం వెనక గోడకి ఆనుకుని కూర్చుని, కుళాయి మీద చెయ్యి వేశాడు. చెవిమిస్త్రీ పక్కకి జరిగి తల ఊపాడు.

గొట్టం ఎగిరిపడింది. చెవిమిస్త్రీకి ఆ చప్పుడు ఎవరో దూరంగా తలుపు వేసినట్టు వినపడింది. దుంప తెల్లగా మెరుస్తూ లేచింది. ఆకాశం ఎంత ఎత్తుందో అంత ఎత్తూ అదే కొలుస్తున్నట్టు పోయింది. గునపం నోరు తెరిచి చూస్తున్నాడు. ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, నవ్వు కనిపించింది.

చెవిమిస్త్రీ గడ్డిలోకి నడిచాడు. దుంప పడిన చోటు కనిపెట్టడం కళ్ళ పని కాదని అతనికి అక్కడికెళ్ళాక తెలిసింది. కళ్ళు ఎండలో దాన్ని పోగొట్టుకుంటాయి. అది నేలను తాకిన చప్పుడును పట్టుకుని గునపం సూటిగా పోయేవాడు. ఇతనికి ఆ చప్పుడు రాలేదు. రెండువందల పన్నెండు అంగల పుల్ల దాటి అటూ ఇటూ వెతికాడు. గడ్డి పాయలు తీశాడు. చిత్తడిలో కాలు మడమదాకా దిగింది. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే గోడ దగ్గర గునపం చెయ్యెత్తి ఉన్నాడు. ఇంకా ముందుకి అంటున్నాడనుకున్నాడు. ఇంకా ముందుకి పోయాడు.

పావుగంటకి దొరికింది. రెండుగా పగిలి, లోపల తెల్లగా తడిగా ఉంది. పుల్ల పాతి, అంగలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. రెండువందల నలభై ఒకటి. ఇరవై అంగల దూరం నుంచే అరిచాడు, "ఒరే, నా లెక్కలన్నీ తుడిచేశావురా ఒక్క దెబ్బకి."

గునపం గోడకి ఆనుకుని, దుంప పోయిన వైపే మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. చెయ్యి కుళాయి మీంచి జారి ఒళ్ళో పడి ఉంది. ఒక చెవిలో దూది లేదు. తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు, వినడానికో, పిలవడానికో. చెవిమిస్త్రీ అతని పక్కన కూర్చున్నాడు. పగిలిన దుంప చూపించాడు. తర్వాత ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. చొక్కా మీద, రొమ్ము మీద, ఎడమ చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఏమీ వినపడలేదు. వినపడనంత మాత్రాన ఏమీ లేదని అనుకోవడం అతనికిక చేతకాలేదు, వాచ్‌మన్‌ని పిలుచుకురావడానికి పరిగెత్తాడు. వాచ్‌మన్ వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, తలపాగా తీసేశాడు.

*

గునపం ఇల్లు రెండు గదులు. పొద్దు వాలకముందే ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. ఆఫీసు వాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు. ఇంజినీరు హెల్మెట్టు చేతిలో పట్టుకుని లోపలికొచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు పక్కన నిలబడ్డాడు. చెవిమిస్త్రీ భార్య ఆ ఇంటామె భుజం పట్టుకుని కూర్చుంది.

గునపం భార్య ఏడవడం ఆపింది. "బావగారూ," అంది. చెవిమిస్త్రీ కదలకపోతే అతని భార్య నేల మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టింది. అతను తల ఎత్తాడు.

"దగ్గరుంది మీరేగా. చివర్లో ఏమైనా అన్నాడా?"

గదిలో అందరూ అతన్ని చూశారు. అలాంటప్పుడు ఏం చెప్పాలో అందరికీ తెలుసు. నిన్నే తలుచుకున్నాడమ్మా అంటే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది, ఇంకో ఇరవై ఏళ్ళు దాన్ని పట్టుకుని బతుకుతుంది. తలుపు పక్కనున్న ఇంజినీరుకీ ఇంకా ఏమీ తెలియదు.

"అన్నాడేమోనమ్మా," అన్నాడు. "రెండుసార్లు అన్నాడేమో కూడా. నాకు వినపడలేదు."

"దూరంగా ఉన్నారా?"

"దగ్గరున్నా సరిగ్గా వినపడదమ్మా నాకు. రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో నీళ్ళు పట్టింది వీడే. నేను సుద్ద గీశానంతే."

ఇంజినీరు హెల్మెట్టును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నేలకేసి చూశాడు. సోమవారం మాట్లాడాల్సింది ఇంకేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలిసింది. ఆమె మాత్రం అవేవీ విన్నట్టు లేదు. వంగి భర్త పాదాల మీద ఎండిన బురదను కొంగుతో తుడుస్తోంది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"చెప్పులేవి?" అంది. "పొద్దున వేసుకునే వెళ్ళాడు."

అతను లేచాడు. చేతికర్రలా వెంట తెచ్చుకున్న కడ్డీ తీసి తలుపు పక్కన, ఇంజినీరు నిలబడ్డ చోట, గోడకి ఆనించాడు. బయటికొచ్చి నడిచాడు.

బడి వీధిలో జనం పలచబడ్డారు. ఎండు గుంటలు రెండూ పూడ్చేశారు. మూడోదాన్ని సగం పూడ్చి, చుట్టూ తాడు కట్టి వదిలేశారు. బడి ఆవరణలో కుళాయి ఎవరో కట్టేయడం మర్చిపోయినట్టున్నారు, దాని కింద బకెట్టు నిండి పొర్లుతోంది. అది అతను చూసే తెలుసుకున్నాడు.

చెప్పులు గుంట గట్టునే ఉన్నాయి. పక్కపక్కనే, ఎవరి గడప ముందో విడిచినట్టు, మొనలు గుంటవైపు తిరిగి. మడమల దగ్గర ఒక పక్కకి అరిగిపోయిన నీలం రబ్బరు, ఏళ్ళ తరబడి తొక్కగా పడిన ఐదేసి వేళ్ళ గుంటలు, ఒక్కో గుంటలో పొద్దుట ఎగజిమ్మిన నీళ్ళు ఇంకా ఒక్కో చుక్క.